నానీ ఇంటి బూడిద కుప్ప

2022లో బక్రీద్ జులై 10న వచ్చింది. ఖుర్బానీ గోష్త్ వాటాలు ఇంకా పూర్తిగా పంచనే లేదు, గోదావరి మా నానీ వాళ్ళ ఊరి మీదికి వచ్చేసింది. జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. లెక్క మీరే వేసుకోండి.

మా నానీ ఊరు భద్రాచలానికి కింద, పోలవరానికి పైన, కుక్కునూరు వైపు. 2014 దాకా ఖమ్మం జిల్లా. రాష్ట్రం విడిపోయినప్పుడు ముంపు మండలాలన్నీ ఆంధ్రలో కలిపితే పశ్చిమ గోదావరి అయింది. ఇప్పుడు ఏలూరు జిల్లా. మా మామూ నవ్వుతూ అంటాడు: "మేం ఎక్కడికీ కదల్లేదురా. జిల్లాలే మా మీంచి నడిచిపోయాయి."

నీళ్ళు తగ్గాక మామూ ఒక్కడే పడవలో వెళ్ళి చూసొచ్చి నాకు ఫోన్ చేశాడు. పడమటి గోడ పోయింది. గొడ్ల సావిడి కప్పు పోయింది. ఖబ్రస్తాన్‌లో నానా గోరీ మీద మోకాలి లోతు బురద. ఆ మాటలు వింటూ నేను రాసుకుంటున్నాను. ఇరవై ఏళ్ళ జర్నలిజం చేయి కదా, ఏడ్చే ముందు నోట్ చేసుకుంటుంది.

వెనక నుంచి నానీ గొంతు వినిపించింది. "నా రాఖ్ కుప్ప ఉందా, కొట్టుకుపోయిందా? అడుగు వాణ్ణి."

మామూ విసుక్కున్నాడు. "ఇల్లు పోయిందంటే ఈమెకు బూడిద కావాలట!"

నానీ మాట ఎగతాళి కాదని నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

*

ఆ కుప్ప సంగతి ముందు చెప్పాలి. నానీ ఇంటి పెరట్లో, సావిడి వెనక, నా చిన్నప్పటికే నా ఎత్తుండేది. రోజూ ఫజర్ నమాజు కాగానే నానీ పొయ్యిలోని నిన్నటి బూడిద చేటలో ఎత్తి అక్కడ పోసేది. పిడకల బూడిద తెల్లగా, మెత్తగా పిండిలా ఉండేది. కట్టెల బూడిద నల్లగా, బొగ్గు ముక్కలతో ఉండేది. గిన్నెలు తోమడానికి తెల్లది. బీర పాదులకు పురుగు పట్టకుండా చల్లడానికి నల్లది. రెండూ కలిస్తే నానీకి కోపం వచ్చేది. బూడిదలో కూడా ఇంత తమీజ్ ఉంటుందని నాకు ఇంకెక్కడా తెలియలేదు.

ఆ బూడిదతో నానాకు ఇంకో పని ఉండేది. ఆయన పశువుల బేరగాడు. సంతల్లో ఎద్దుల్ని కొని, మేపి, అమ్మేవాడు. పళ్ళు చూసి వయసు చెప్పేవాడు. ఎవరైనా ఇంటికి ఎద్దును తోలుకొస్తే మాత్రం బేరానికి ముందు పెరట్లో రెండు చేటల తెల్ల బూడిద పలచగా పరిపించి, దాని మీద ఎద్దును నడిపించేవాడు. అది పోయాక గొంతుక్కూచుని గిట్టల ముద్రలు చూసేవాడు. "కుడి వెనక కాలు తేలిగ్గా వేస్తోంది. నొప్పి దాస్తోంది. మనిషి అబద్ధం చెప్తాడు గానీ గిట్ట చెప్పదు" అనేవాడు. నేను పక్కన కూచుని ఆ ముద్రల్లో వేలు పెట్టి చూసేవాణ్ణి. వేలు లోతు కూడా ఉండేవి కావు. గాలి వస్తే పోయేవి.

పోవని ముద్రలు కూడా ఉంటాయని తర్వాత చదివాను.

*

వరద వచ్చిన మరుసటి ఏడాది హైదరాబాద్‌లో ఒక లైబ్రరీలో పోలవరం మీద ఏదో వెతుకుతుంటే, పక్క అరలో పాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1961లో వేసిన ఒక నివేదిక కనిపించింది. ఉట్నూరు తవ్వకాలు. రాసింది ఫ్రాంక్ రేమండ్ ఆల్చిన్ అనే ఇంగ్లీషాయన. ఈ ఉట్నూరు ఆదిలాబాద్‌ది కాదు. పాలమూరు జిల్లాలో కృష్ణా నదికి దగ్గర్లో ఉన్న పల్లె. అక్కడ ఒక బూడిద దిబ్బ ఉంది. ఆల్చిన్ 1957లో దాన్ని తవ్వాడు.

ఇలాంటి దిబ్బలు ఉత్తర కర్ణాటకలో, దాన్ని ఆనుకుని ఉన్న పాలమూరు, అనంతపురం ప్రాంతాల్లో వందకు పైగా ఉన్నాయి. కొన్ని రెండు మూడు మనుషుల ఎత్తు. అవి ఏమిటన్నది వందేళ్ళకు పైగా తగాదా. బళ్ళారి దగ్గర బూదికనమలో జనం ఏమనేవారంటే, భీముడు చంపిన రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అని. దొరలు వచ్చి చూసి, అగ్నిపర్వతం అన్నారొకరు. ఇనుము కరిగించిన కొలిమి చిట్టెం అన్నారొకరు. యుద్ధంలో చచ్చినవాళ్ళను దహనం చేసిన చోటు అని ఇంకొకరు. ఎందుకంటే ఆ దిబ్బల్లో కొన్ని పొరలు మెత్తటి బూడిద అయితే, కొన్ని పొరలు గాజులా కరిగి గట్టిపడి ఉంటాయి. అంత వేడి మామూలు పొయ్యిలో పుట్టదు.

రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు, 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో పాతరాతియుగపు పనిముట్టు దొరికించుకున్న మనిషి, ఇదంతా పశువుల పేడ అన్నాడు. చాలామంది నమ్మలేదు. పేడ ఇంత ఎత్తు పేరుకుంటుందా, ఇంతగా మండుతుందా అన్నారు. వాళ్ళెప్పుడూ మా నానీ పిడకల దాలి దగ్గర కూచోలేదు మరి. తర్వాత లండన్‌లో జ్యూనర్ అనే శాస్త్రవేత్త ఆ బూడిదను పరీక్షించి, పేడే అని తేల్చాడు.

ఆల్చిన్ చేసిన పని వేరు. దిబ్బ దేనితో అయిందన్నదొకటే ఆయన ప్రశ్న కాదు. ఎవరు చేశారు, ఎలా బతికారు అని పొర పొరా విప్పాడు. దుంగలు పాతిన గుంటలు వరసగా దొరికాయి. అంటే కంచె. మనుషులు దుంగలతో గట్టి దొడ్డి కట్టుకుని, అందులో పశువుల్ని తోలి, పేడ పేరుకున్నాక తగలబెట్టారు. కంచె కాలిపోయింది. మళ్ళీ కట్టారు. మళ్ళీ పేరుకుంది, మళ్ళీ కాల్చారు. నాలుగు వేల ఏళ్ళకు పైనే అయింది. అప్పటికి ఇనుము లేదు. నున్నగా నూరిన రాతి గొడ్డళ్ళు, చేత్తో చేసిన కుండలు, ఇంకా పశువులు. వాళ్ళ ఆస్తి అంతే.

నివేదికలో ఒకచోట నా చేయి ఆగిపోయింది. బూడిద పొరల్లో పశువుల గిట్టల ముద్రలు దొరికాయని రాసి ఉంది. ఎప్పుడో చల్లారిన బూడిద మీద పశువులు నడిచాయి. దాని మీద ఇంకో పొర పడింది. ఆ ముద్రలు అట్లాగే ఉండిపోయాయి.

లైబ్రరీలో కూచుని నాకు నానా గుర్తొచ్చాడు. గొంతుక్కూచుని, లుంగీ మోకాళ్ళ దాకా మడిచి.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. పురావస్తు శాఖను మేం ఆసారె ఖదీమా అని చదువుకున్నాం. ఖదీమా అంటే పాతది. ఆసార్ అంటే శిథిలాలు, గుర్తులు అని ఉస్తాద్ చెప్పారు. ఆసార్ అసర్‌కు బహువచనం. అరబీలో అసర్ అంటే మొదటి అర్థం అడుగుజాడ, నడిచిపోయినవాళ్ళు నేల మీద వదిలిన గుర్తు. నిజాం కాలంలో, 1914లో, గులాం యజ్దానీ సాబ్ చేతుల మీదుగా మొదలైన ఆ శాఖ ఉర్దూ పేరులోనే పని మొత్తం ఉంది. బీఏలో తెలుగు తీసుకున్నాక 'బూడిదలో పోసిన పన్నీరు' అన్న సామెత నేర్చుకున్నాను. వృథా అయిపోయినదానికి వాడతారు. ఉట్నూరు నివేదిక చదివాక ఆ సామెతను వాడాలంటే కొంచెం జంకు.

*

అయితే వాళ్ళు ఎందుకు తగలబెట్టారు? పేడ విలువ తెలియనివాళ్ళు కాదు. పొలానికి వేసుకోవచ్చు, పొయ్యిలో వాడుకోవచ్చు. ఆల్చిన్‌కు తోచింది ఏమిటంటే, అది పండగ మంట. ఏడాదిలో ఒక కాలం నుంచి ఇంకో కాలానికి దాటేటప్పుడు, మంద ఒక చోటు వదిలి ఇంకో చోటుకు కదిలేటప్పుడు వేసిన మంట. ఇప్పటికీ మన దగ్గర సంక్రాంతికి, హోలీకి వేసే మంటల్లో దాని జాడ ఉండొచ్చని రాశాడు.

మా నానీ ఊళ్ళో భోగి మంటకు పిడకల దండలు కట్టేది మా పక్కింటివాళ్ళు. పేడ మా సావిడిలోంచి వెళ్ళేది. మొహర్రంలో పీర్లు లేచే చావిడి ముందు అలావా గుంట తవ్వేవారు. దాని చుట్టూ ఆడేది హిందువులు, ముసల్మానులు అందరూ. చల్లారాక ఆ బూడిద చిటికెడు నుదుట పెట్టుకుని పిల్లలకూ పెట్టేవాళ్ళు. ఇవి దీన్‌లో ఉన్నవి కావని మా మామూ తరం మానేసింది. ఆ వాదనలోకి నేను వెళ్ళడం లేదు. మంట చుట్టూ ఊరు కూడడం, బూడిదను చేత్తో తాకడం ఈ నేలలో చాలా పాతదని మాత్రం చెప్తున్నాను. మన బుజుర్గులు ఆ గుంట దగ్గరికి ఊరికే వెళ్ళలేదు.

ఆల్చిన్ తర్వాత కూడా తవ్వకాలు ఆగలేదు. అనంతపురం జిల్లా పాలవాయిలో తిరుపతి నుంచి వెళ్ళిన వి. రామిరెడ్డి తవ్వారు. పుణె డెక్కన్ కాలేజీలో పనిచేసిన మన తెలుగాయన కె. పద్దయ్య గుల్బర్గా జిల్లా బుదిహాళ్‌లో 1990ల్లో ఏళ్ళ తరబడి తవ్వి, అవి ఉత్త మంద దొడ్లు కావన్నారు. దిబ్బ పక్కనే జనం కాపురమున్న ఇళ్ళు దొరికాయి. పశువుల్ని కోసి మాంసం పంచుకున్న నేల దొరికింది. కుండల్లో పెట్టి పూడ్చిన పసిపిల్లల ఎముకలు దొరికాయి. బూడిద దిబ్బ అంటే ఊరన్నమాట. పొయ్యి, దొడ్డి, దావత్, మయ్యత్ అన్నీ ఉన్న ఊరు.

దేశం కాని దేశంలో కూడా ఇలాంటి సంగతి ఉంది. ఐర్లండ్‌లో వాగుల పక్కన గుర్రపు నాడా ఆకారంలో కాలిన రాళ్ళ దిబ్బలు వేల కొద్దీ ఉన్నాయి. ఎక్కువ భాగం కంచు యుగానివి. మధ్యలో ఒక తొట్టి ఉంటుంది. రాళ్ళను మంటలో ఎర్రగా కాల్చి ఆ తొట్టి నీళ్ళలో వేసేవాళ్ళు. 1950ల్లో ఓ'కెల్లీ అనే ఆచార్యుడు వాదన పక్కన పెట్టి, అలాంటి తొట్టి తయారుచేసి, కాల్చిన రాళ్ళతో నీళ్ళు మరిగించి, నాలుగున్నర కిలోల వేట తొడను గడ్డిలో చుట్టి ఉడికించాడు. మూడు గంటల నలభై నిమిషాల్లో ఉడికింది. పత్థర్ కా గోష్త్ తిన్న మన హైదరాబాదీలకు ఇందులో తఅజ్జుబ్ ఏముంది? అయినా కొందరు అది స్నానాల తొట్టి అంటారు, కొందరు బట్టలకు రంగులద్దే చోటు అంటారు. ఆ దిబ్బల్లో చాలా వాటిని పెద్ద రోడ్లు వేసే ముందు హడావుడిగా తవ్వారు. రోడ్డు వస్తేగానీ పాత పొయ్యి గుర్తురాదు.

మన దగ్గర ఆనకట్ట వస్తేగానీ గుర్తురాదు. నాగార్జునసాగర్ నిండే ముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయ తవ్వారు. దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికి చేర్చి మ్యూజియం కట్టారు. పోలవరం ముంపులో వేలేరుపాడు మండలం రుద్రమకోట దగ్గర పెద్ద రాళ్ళ సమాధులను పురావస్తు శాఖవాళ్ళు తవ్వారు. మన పల్లెల్లో రాకాసి గుళ్ళు అంటారే, అలాంటివి. అంటే మా నానీ ఊరి దరిదాపుల్లో వేల ఏళ్ళ కిందటి మయ్యత్‌కు ఒక రిజిస్టరు ఉంది. మా నానా గోరీకి లేదు.

*

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

వరద తర్వాత మామూ జంగారెడ్డిగూడెంలో అద్దెకు దిగాడు. రెండు గేదెల్ని అమ్మేశాడు. డాబా ఇంట్లో మూడో అంతస్తు. గ్యాస్ స్టవ్. బూడిద అన్న మాటే లేదు. నానీ గిన్నెలు తోమే పీచు సబ్బును చూసి "దీనికి వాసనే తప్ప బలం లేదు" అంటుంది.

ఒక రోజు మామూ నన్ను పిలిపించాడు. ప్రాజెక్టు పూర్తిగా నిండే లోపు నానా ఎముకల్ని తీసి ఇక్కడి ఖబ్రస్తాన్‌లో పెట్టుకుందామని ఆయన ఆలోచన. ఒక ఆలిమ్ సాబ్ ఖబర్ కదపకూడదన్నారు. ఇంకొకరు నీళ్ళ ఖతరా ఉంటే ఇజాజత్ ఉందన్నారు. "పేపర్లో పనిచేస్తావు. పది మందిని చూసినవాడివి. నువ్వు చెప్పు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పోలవరం మీద నేను ఇరవై ఏళ్ళలో ఎన్ని వార్తలు రాశానో లెక్క లేదు. నిండు నీటిమట్టం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. మునిగే ఆవాసాలు 370కి పైగా. ఈ అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అందులో ఒక ఆవాసం మా అమ్మీ పుట్టిన ఇల్లు. దాని గురించి ఒక్క వాక్యం రాయలేదు. సొంత ఇంటి సంగతి రాయడం వృత్తికి తగదనుకున్నాను. సిగ్గు కూడా పడ్డానేమో.

నష్టపరిహారం సర్వే కాగితం మామూ దాచాడు. గోడల కొలత ఉంది. తలుపుల లెక్క ఉంది. ఐదు కొబ్బరి చెట్లు, రెండు మామిడి, ఒక బావి. గోరీకి గడి లేదు. బూడిద కుప్పకు ఎలాగూ ఉండదు.

నానీ మంచం మీద కూచుని అన్నీ వింటోంది. తస్బీహ్ తిప్పడం ఆపి అంది: "ఆయనకు మిట్టీ ఇచ్చాం. అందరం మూడు మూడు దోసిళ్ళు ఇచ్చాం. ఇచ్చింది వాపసు తీసుకుంటారా ఎవరైనా?"

మామూ తల వంచుకున్నాడు. ఇంకో మాట రాలేదు. నానీ తర్వాత మెల్లగా అడిగింది. "నీళ్ళు వస్తే ఆయన ఎక్కడున్నాడో పైనుంచి తెలుస్తుందా రే?"

తెలియదు నానీ అన్నాను. కానీ రాసి పెట్టుకోవచ్చు.

అప్పుడు ఆమెకు ఉట్నూరు సంగతి చెప్పాను. నాలుగు వేల ఏళ్ళ కిందటి గొడ్లవాళ్ళు, వాళ్ళ పేడ, మంట, గిట్టల ముద్రలు. నానీ ఏం ఆశ్చర్యపోలేదు. "బూడిద పురుగు పట్టదు. కుళ్ళదు. దాన్ని మించి ఏం నిలబడుతుంది?" అంది. ఆ తర్వాత, "వాళ్ళ పేర్లు తెలిశాయా?" అని అడిగింది. తెలియవన్నాను. "పాపం" అంది.

ఆ ఒక్క మాటకు నేను సంచిలోంచి నోట్‌బుక్ తీశాను. ఉట్నూరు మనుషులకు రాత లేదు. వాళ్ళు ఎవరో చెప్పడానికి ఒక ఇంగ్లీషాయన వచ్చి పొర పొరా తవ్వాల్సి వచ్చింది. మాకు రాత ఉంది, అదీ రెండు భాషల్లో. అయినా మా ఇంటి గురించి ఉన్న ఒకే ఒక్క కాగితం ఆ సర్వే లిస్టు. తప్పు నాది.

తవ్వకాల్లో మొదట చేసే పని నేలను గళ్ళుగా విడగొట్టి పటం గీయడం. ఏది ఎక్కడ దొరికిందో రాయకపోతే దొరికినదానికి విలువ ఉండదు. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. ఇల్లు, బావి, సావిడి, మజీదుకు వెళ్ళే సందు. ఖబ్రస్తాన్‌లో నానా గోరీ వేప చెట్టు నుంచి ఎన్ని అడుగులో మామూ కళ్ళు మూసుకుని అడుగులు లెక్కపెట్టి చెప్పాడు. పదకొండు. పెద్ద నానా, బాలింతగా పోయిన ఖాలా, పేరు పెట్టకముందే పోయిన ఇద్దరు పిల్లలు. అందరికీ చోటు రాశాను. పేర్లున్నవాళ్ళకు పేర్లు రాశాను. ముమానీ వంటింటి పొయ్యి ఏ మూల ఉండేదో, వర్షం వస్తే ఏ గోడ చెమ్మగిల్లేదో చెప్పింది. పెళ్ళిళ్ళకు దేగులు దించే గాడిపొయ్యి ఎక్కడ తవ్వేవారో మామూ చెప్పాడు. ఇద్దరూ దాని మీద వాదించుకున్నారు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో గట్టిగా మాటలు వినిపించాయి.

మీ ఇళ్ళల్లో కూడా బుజుర్గులు ఉంటారు. మునిగే ఊరే కానక్కర్లేదు. అమ్మేసిన ఇల్లు కావచ్చు, రోడ్డు వెడల్పులో పోయిన వరండా కావచ్చు, పిల్లలు దుబాయ్‌లో ఉండి తాళం వేసిన ఇల్లు కావచ్చు. ఒక సాయంత్రం వాళ్ళ పక్కన కూచుని పటం గీయండి. గొప్ప ఖాన్‌దాన్ కథలు అడగకండి. పొయ్యి ఎక్కడ, నీళ్ళు ఎక్కణ్ణుంచి, గొడ్లు ఎక్కడ, చెత్త ఎక్కడ పోసేవారు అని అడగండి. ఉట్నూరులో మిగిలింది అదే కదా.

పటం అయిపోయిందనుకుని నానీకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో ఒక చోట పొడిచింది.

"ఇదేంటి?"

"నీ రాఖ్ కుప్ప నానీ."

"అక్కడ కాదు. బావి పక్కన ఎవడైనా బూడిద పోస్తాడా, బేఅకల్? వాన పడితే బావిలోకి పోదూ? సావిడికి అవతల, పల్లం వైపు."

రబ్బరుతో తుడిచి, సావిడికి అవతల గుండ్రంగా గీశాను. దాని ముందు కాస్త ఖాళీ వదలమంది.

"అక్కడేముంది నానీ?"

"ఏమీ లేదు. మీ నానా ఎద్దుల్ని నడిపించేవాడు."